గోడ మీద గరుత్మంతుడు

మొన్న నందిగామ బస్టాండు బయట జామకాయల బండి దగ్గర బేరమాడుతున్నాను. నా వయసు వాళ్ళు ఒంట్లో బాగుండడానికి పొద్దున్నే నడుస్తారు. నేను బేరమాడతాను. బండివాడూ గట్టివాడే. "నేను ఎండలో నిలబడి అమ్ముతున్నా. మీరేమో గొడుగేసుకుని అడుగుతున్నారు. ఇదేం న్యాయమమ్మా?" అని నా నోరు మూయించబోయాడు. సరిగ్గా అప్పుడే మా ఇద్దరి మీదుగా ఒక నీడ జారిపోయింది. తెల్లటి తల, ఇటుక రంగు రెక్కలు. బండివాడు తూకం సంగతి మరిచిపోయి, తలెత్తి చేతులు జోడించి, లెంపలు వేసుకున్నాడు.

"గరుడ పక్షమ్మా! అందులోనూ శనివారం!"

ఆ సందులో నేను ఇంకో జామకాయ తక్కెట్లో వేశాను. వాడు కళ్ళు దించి చూసి నవ్వేశాడు. "దేవుడు చూస్తుండగానేనా?"

"దేవుడు అటు వెళ్ళిపోయాడులే, నువ్వు కాగితంలో చుట్టు" అన్నాను.

బస్సెక్కి కూర్చున్నాక జామకాయ తినబుద్ధి కాలేదు. ఆ పక్షి మా ఇంట్లో ఉండి వెళ్ళిన వేసవి గుర్తొచ్చింది. అదే పక్షి కాదనుకోండి, దాని జాతిది. అయినా చుట్టరికం చుట్టరికమే.

మాది జగ్గయ్యపేట. ముందు కిరాణా కొట్టు, వెనక ఇల్లు. మధ్యలో ఒక గోనెపట్టా పరదా. ఆ పరదా ఇటు తీస్తే బెల్లం, ఇంగువ, ఎండుమిరపకాయల ఘాటు. అటు తీస్తే పోపు వాసన, సాంబ్రాణి, తడి తులసి. మేము ఆ రెండు వాసనల మధ్య పెరిగాం. మాటలు రాకముందే నాకు బేరం వచ్చిందని బాబాయి అనేవాడు. పాల సీసా ఇస్తే ఏడుపు ఆపేదాన్ని కాదట, ఇంకేమిస్తారో చూద్దామని.

మా నాయనమ్మ వేసవి సెలవుల్లో శనివారాలు నన్ను వెంటపెట్టుకుని వేదాద్రి వెళ్ళేది. కృష్ణలో మునక, నరసింహస్వామి దర్శనం, తర్వాత మెట్ల మీద కూర్చుని దద్ధోజనం. నేను వెళ్ళేది మూడోదాని కోసమని ఆవిడకీ తెలుసు, స్వామికీ తెలుసు.

ఆ శనివారం స్నానాల రేవు దగ్గర జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో కింది మెట్టు మీద గరుడ పక్షి. తెగిపోయిన వల ముక్క ఒకటి దాని రెక్కకీ కాలికీ మెలికలు పడి, చర్మంలోకి దిగిపోయింది. అది ఒక రెక్క తెరిచి, ముక్కు తెరిచి రొప్పుతోంది. అందరూ దణ్ణాలు పెడుతున్నారు. ఒకావిడ పూలు విసిరింది. ఇంకొకాయన దాని ఎదురుగా టెంకాయ కొట్టాడు. ఆ చప్పుడికి అది ఎగరబోయి పక్కకి ఒరిగిపోయింది. వల ఇంకాస్త బిగిసింది.

నాయనమ్మ జనాన్ని మోచేతులతో తోసుకుంటూ ముందుకెళ్ళింది. "ఏమయ్యా, కాళ్ళకి బంధం పడి ఆయన కొట్టుకుంటుంటే హారతులిస్తారేంటి? తప్పుకోండి!"

"మామ్మగారూ, ముట్టుకోకండి. మైల పడతారు."

"ఇప్పుడేగా మునిగొచ్చా. నది ఎక్కడికీ పోదు, మళ్ళీ మునుగుతా."

"అది బతకదులెండి" అన్నారెవరో వెనక నుంచి.

ఆ మాటే నాయనమ్మకి గుచ్చుకుంది. తడి తువ్వాలు దాని మీద కప్పి, రెండు చేతులతో ఎత్తి, పూజసామాన్ల బుట్టలో పెట్టుకుంది. "బతికిస్తా. నా చేతిలో పడ్డాడుగా, బతికిస్తా" అంది, ఎవరికో కాదు, గుడి వైపు తిరిగి. దద్ధోజనం ఆ రోజు మరిచిపోయాం. నేను మరిచిపోలేదు కానీ, అడగడానికి అది సమయం కాదని తెలిసింది.

బస్సులో కండక్టరు బుట్ట దగ్గర ఆగాడు. "లోపలేంటమ్మా, కోడా?"

బుట్టలో కోడి ఉందని తనని చూసి ఒక మనిషి అనుకోగలిగాడన్న దిగ్భ్రాంతిలో నాయనమ్మకి మాట రాలేదు. నేనే అందుకున్నా. "కాదండీ. గరుత్మంతుడు."

"ఎవరైనా సరే, ప్రాణమున్నదానికి టికెట్ కొట్టాలి."

"రెక్క బాగుంటే ఆయన మీ బస్సెందుకు ఎక్కుతాడండీ? మీకంటే ముందే పేటలో దిగేవాడు."

బస్సంతా నవ్వింది. కండక్టరు కూడా నవ్వుతూ ముందుకెళ్ళిపోయాడు. నాయనమ్మ నా తల నిమిరింది. ఆ తర్వాత జీవితంలో చాలా బేరాలు గెలిచాను కానీ, తల నిమిరించుకున్న బేరం అదొక్కటే.

పశువుల ఆస్పత్రి డాక్టరుగారు మా కొట్టు ఖాతాదారు. సాయంత్రం కందిపప్పు కోసం వస్తే తాతయ్య ఆయన్ని పరదా దాటించి లోపలికి పంపాడు. ఆయన బ్లేడుతో వల పోగులు ఒక్కొక్కటే కోసి తీశాడు. పుండు కడిగి మందు రాశాడు.

"ఎముక విరగలేదు. పుండు మానితే ఎగురుతుంది. మంచి తిండి పెట్టండి చాలు."

"ఏం పెట్టమంటారు?" అంది నాయనమ్మ, ఇంకేం, నెయ్యి గిన్నె అందుకోబోతూ.

"చేపలు పెట్టండి. లేదంటే ఏదైనా పచ్చి మాంసం."

ముందు కొట్లో తాతయ్య చేతిలో తక్కెడ ఆగిపోవడం నాకు వినిపించింది. మాది కేకులో గుడ్డు ఉంటుందేమోనన్న అనుమానంతో పుట్టినరోజుకి రవ్వకేసరి కోసుకున్న ఇల్లు.

డాక్టరుగారు వెళ్ళాక నాయనమ్మ తీర్పు చెప్పింది. "ఆయనకి గేదెల సంగతి తెలుసు. గరుత్మంతుడి సంగతి ఆయనకేం తెలుసు? విష్ణుమూర్తిని మోసేవాడు చేపలు తింటాడా?"

బాబాయి ఊరుకోలేదు. నందిగామలో డిగ్రీ చదువుతూ ఇంట్లో ప్రతి మాటకీ ఎదురు మాట్లాడే వయసు వాడిది. "అమ్మా, గరుత్మంతుడు పాముల్ని తింటాడని నువ్వేగా చెప్పావు?"

"అది పగరా. ఆకలి కాదు."

బాబాయి లేచి ముందు కొట్లోకి వెళ్ళిపోయాడు.

పక్షికి వెనక పంచలో చోటిచ్చాం. మొదట కొట్టు పక్క గదిలోనే పెట్టాం కానీ, మిరపకాయల ఘాటుకి అది తల విదిలించడం చూసి అమ్మ బయటికి మార్పించింది. వీపు విరిగిన కుర్చీ ఒకటి దాని సింహాసనం. ఇక నైవేద్యాలు మొదలయ్యాయి. చక్కెర పొంగలి. ఆవుపాలు. నానబెట్టి పొట్టు తీసిన బాదంపప్పు. అరటిపండు ముక్కలు. నెయ్యి వేసి పిసికిన ముద్దపప్పు అన్నం. అది ఒక్కోదాన్నీ మెడ వంచి చూసేది. తర్వాత మా వైపు చూసేది. అరువు అడగడానికి వచ్చినవాళ్ళని మా తాతయ్య చూసే చూపు అది. ఆ చూపు ముందు నేనే కళ్ళు దించుకునేదాన్ని. వదిలేసిన బాదంపప్పులు వృథా కాలేదని మాత్రం చెప్పగలను.

నీళ్ళు తాగేది. తిండి ముట్టేది కాదు. రోజురోజుకీ దాని రొమ్ము ఎముక పైకి తేలుతూ వచ్చింది. పుండు మానుతోంది, పక్షి తగ్గిపోతోంది. కళ్ళు అరమోడ్చి కూర్చునేది. నాయనమ్మ కూడా కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు కలిపి లేచిపోవడం మొదలుపెట్టింది.

"దాంతో పాటు నువ్వూ పస్తులేంటే?" అన్నాడు తాతయ్య.

"పస్తులు కాదండీ. వాడు తినకపోతే నాకు గొంతు దిగట్లేదు. అందరి ముందూ బతికిస్తానన్నా. నేను ముట్టుకోకపోతే ఇంకెవరైనా, చేప పెట్టేవాళ్ళు, తీసుకెళ్ళేవాళ్ళేమో."



బాబాయి ఒక ఉపాయంతో వచ్చాడు. అతని చేతిలో ఎలుకల బోను. మా కొట్లో పడిన ఎలుకల్ని మేము చంపం. బోనుతో సహా తీసుకెళ్ళి, పై బజారులో తాతయ్యకి పడని ఇంకో శెట్టిగారి కొట్టు వెనక వదిలిపెట్టి వస్తాం. ఆయన మనుషులు వాళ్ళ ఎలుకల్ని మా సందులో వదిలేవాళ్ళు. అవే ఎలుకలు రెండు కొట్ల సరుకూ రుచి చూస్తూ తిరిగేవని నా అనుమానం.

"అమ్మా, దీన్ని మనం వదిలేస్తాం. పంచలోనే వదిలేస్తాం. తర్వాత ఏం జరిగితే అది జరుగుతుంది. మన చేతుల్లో ఏముంది?"

నాయనమ్మ బోను వంకా, పక్షి వంకా చూసింది. "వినాయకుడి వాహనాన్ని విష్ణుమూర్తి వాహనానికి పెడతావుట్రా? ఇద్దరు దేవుళ్ళ మధ్య తగువు పెట్టి నన్ను సాక్ష్యానికి పిలుస్తావా? తీసుకుపో దాన్ని!"

మర్నాడు పొద్దున పక్షి కుర్చీ మీద నుంచి జారి కింద పడింది. లేచి నిలబడలేక రెక్కలు నేలకి ఆనించి కూర్చుంది. నాయనమ్మ దాన్ని ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. అప్పుడే అడ్డగోడ మీద టకటకమని చప్పుడైంది.

గోడకి అవతల ఇల్లు టీచరమ్మగారిది. బడిలో పాఠాలు చెబుతారు, ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళతారు. వాళ్ళింట్లో నీచు వండే రోజు పొద్దున్నే గోడ మీద గరిటెతో తట్టి చెప్పడం ఆవిడ అలవాటు. మేము వంటింటి కిటికీ వేసుకునేవాళ్ళం. ఇందులో ఎవరికీ కోపం లేదు. పండక్కి మా పులిహోర అటు వెళ్ళేది, క్రిస్మస్‌కి వాళ్ళ అరిసెలు ఇటు వచ్చేవి, నేతితో విడిగా వండించినవని ప్రమాణం చేసి మరీ.

"మామ్మగారూ, చేపలు తెచ్చామండీ. కిటికీ వేసుకోండి!"

నాయనమ్మ పక్షిని ఎత్తుకునే గోడ దగ్గరకి నడిచింది. "కిటికీ సంగతి తర్వాత చూద్దాంలే టీచరమ్మా. ఉడకనిది ఒక ముక్క ఉందా?"

టీచరమ్మగారి తల గోడ మీదుగా నెమ్మదిగా పైకొచ్చింది. నాయనమ్మనీ, చేతుల్లోని పక్షినీ చూసి ఆవిడకి అంతా అర్థమైంది. "ఉందండీ. చిన్న పరిగెలు కూడా ఉన్నాయి. పట్టుకొస్తా ఉండండి."

"ఇటు తేవద్దమ్మా!" అని నాయనమ్మ కేక వేసింది. "గడప దాటకూడదు. గోడ దాటకూడదు."

ఇక్కడ నేను రంగంలోకి దిగాల్సి వచ్చింది. ఇద్దరికీ ఇష్టమే, దారే లేదు. ఇలాంటి చోట మధ్యవర్తి కావాలి.

"నాయనమ్మా, గోడ ఎవరిది?"

"ఇద్దరం కలిసి కట్టించాం. సగం మనది, సగం వాళ్ళది."

"అయితే పక్షిని మన సగం మీద కూర్చోబెడదాం. చేప వాళ్ళ సగం మీద పెడతారు. ఆయనే మెడ చాచి తింటాడు."

నాయనమ్మ గోడ వెడల్పు చేత్తో కొలిచి చూసుకుంది. "కాళ్ళు మన వైపు, ముక్కు వాళ్ళ వైపు. అంతేనా?"

"అంతే."

"తోక?"

"తోక తినదుగా నాయనమ్మా."

టీచరమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వెనక్కి దిగిపోయారు. నవ్వు మాత్రం ఆగలేదు.

బాబాయి స్టూలెక్కి పక్షిని గోడ మీద పట్టుకుని నిలబడ్డాడు. అవతల టీచరమ్మగారు పరిగె ఒకటి ఆకులో పెట్టి గోడ మీద, వాళ్ళ సగం మీద ఉంచారు. నాయనమ్మ తులసికోట వైపు తిరిగి కళ్ళు మూసుకుంది. "తిన్నాడా?" అని అడిగింది.

"ఇంకా లేదు. చూస్తున్నాడు."

"ఇప్పుడు?"

"మెడ చాచాడు... ముక్కుతో తాకాడు... కాలితో నొక్కిపెట్టాడు నాయనమ్మా... ఇప్పుడు తల దగ్గర పట్టుకుని చీ..."

"చాల్లే! తిన్నాడంటే చాలు, తిన్న విధానం చెప్పొద్దు!"

అది రెండో పరిగె కూడా తిన్నది. మూడోదానికి బాబాయి చేతుల్లోంచి గింజుకుని, కాళ్ళు ఎవరి సగం మీద పెడుతున్నదీ చూసుకోకుండా అవతలికి నడిచింది. ఆ సంగతి నేను నాయనమ్మకి చెప్పలేదు. ఆవిడా అడగలేదు. కాళ్ళూ చేతులూ కడుక్కుని వచ్చి పీట వాల్చుకుని, "అమ్మాయ్, ఇంత చారన్నం పెట్టు" అంది మా అమ్మతో. ఆ పూట ఆవిడ మారు వడ్డించుకుంది.

ఆ తర్వాత వంటింటి కిటికీ వేసింది లేదు. రోజూ పొద్దున్నే గరిటె చప్పుడుకి నాయనమ్మే గోడ దగ్గరకి వెళ్ళేది. "ఇవాళ ఏం చేప టీచరమ్మా? నిన్నటిది ముళ్ళెక్కువ, వాడు ఇబ్బంది పడ్డాడు." చేపల పేర్లు ఆవిడ నోట వింటుంటే తాతయ్య లెక్కలు తప్పేవాడు. పక్షి ఈకలకి మెరుపొచ్చింది. రెక్క విప్పి విదిలిస్తే పంచలో దుమ్ము లేచేది. ఊళ్ళో తెలిసి జనం గరుడ దర్శనానికి రావడం మొదలుపెట్టారు. ముందు కొట్లో కర్పూరం కొన్నవాళ్ళనే లోపలికి పంపుదామని నేను ఏర్పాటు చేశాను. నాయనమ్మ చెవి మెలేయడంతో ఆ వ్యాపారం ఒక్క పూటతో మూతపడింది.

డాక్టరుగారు మళ్ళీ వచ్చి రెక్క చాపి చూశారు. "పూర్తిగా మానిపోయింది. ఎగరొచ్చు."

"మరి ఎగరడం లేదేమండీ?"

"ఎందుకెగురుతుంది మామ్మగారూ? రోజూ భోజనం గోడ మీదకే వస్తుంటే? ఇలాగే ఇంకొన్నాళ్ళుంటే ఎగరడమే మరిచిపోతుంది."

తాతయ్య దగ్గర నేర్చుకున్న విద్య ఒకటుంది. బేరం తెగకపోతే సంచి భుజాన వేసుకుని నడవాలి. అవతలివాడికి అవసరముంటే వాడే వస్తాడు. ఆ విద్యే వాడదామన్నాను. చేప గోడ మీద పెట్టకూడదు. టీచరమ్మగారి డాబా మీద పెట్టాలి, పక్షికి కనిపించేలా. ఆయనే వెళ్ళి తినాలి.

ఆ రోజు మా ఇంట్లో ఆవకాయ కలుపుతున్నారు. పెరడంతా ఆవపిండి ఘాటు, నువ్వులనూనె, మామిడి జీడి వాసన. నాయనమ్మ మడి కట్టుకుని, మోచేతుల దాకా ఎర్రగా, పెద్ద బేసిన్ ముందు కూర్చుంది. గోడ మీద పక్షి. డాబా పిట్టగోడ మీద చేప. ఎగరాల్సింది నాలుగు రెక్కల దూరం.

అది చేప వైపు చూసింది. మా వైపు చూసింది. మెడ చాచి పసిపిల్ల మారాం చేసినట్టు సన్నగా కూయడం మొదలుపెట్టింది. ఆపలేదు. పొద్దెక్కింది. కూస్తూనే ఉంది.

"ఏడుస్తున్నాడే అమ్మడూ" అంది నాయనమ్మ. "ఒక్క ముక్క గోడ మీద పెట్టమను."

"పెడితే ఇక్కడే ఉండిపోతాడు నాయనమ్మా."

"ఉండనీవే. మనకేం బరువా?" అంది. అలా అంటూ చేతులు ఆపేసింది. వాడు ఉండిపోవాలని ఆవిడకి ఎంత ఉందో నాకు అప్పుడు తెలిసింది. నాకూ అంతే ఉంది. అటు డాబా మెట్ల మీద టీచరమ్మగారు ఆవిడ మాట కోసం చూస్తూ నిలబడ్డారు. గడపలోకి వచ్చిన బిచ్చగాడినైనా ఖాళీ చేత్తో పంపని మనిషి మా నాయనమ్మ. ఆకలితో కూస్తున్న దాని వైపు చాలాసేపు చూసింది.

"టీచరమ్మా" అని పిలిచింది. "ఆ ఆకు ఇంకాస్త దూరం జరపమ్మా."

టీచరమ్మగారు ఆకుని డాబా ఆ చివరికి జరిపారు. పక్షి కూత ఆగింది. రెండుసార్లు వంగి లేచింది. తర్వాత ఒక్కసారిగా గోడ వదిలేసింది. మొదట కిందికి జారింది, మా జామచెట్టు కొమ్మకి తగలబోయింది. రెక్కలు గాలిని పట్టుకున్నాయి. డాబా మీద వాలడం కూడా నిండు బస్తా దింపినట్టే వాలింది. అయినా వాలింది.

నాయనమ్మ ఆ సంబరంలో ఆవకాయ చేత్తో కళ్ళు తుడుచుకుని కెవ్వుమంది. చల్లటి మజ్జిగతో కళ్ళు కడుగుతుంటే నవ్వుతోందో ఏడుస్తోందో ఎవరికీ తెలియలేదు. ఆ జాడీలో ఉప్పు తగ్గిందని అమ్మ ఏడాది పొడుగునా అంటూనే ఉంది. మేమంతా లొట్టలేసుకుంటూ తిన్నాం.

చేప రోజురోజుకీ దూరమైంది. డాబా తర్వాత అవతలి వీధిలో నీళ్ళ ట్యాంకు. తర్వాత ఒక మధ్యాహ్నం, ఎవరూ ప్రత్యేకంగా చూడనప్పుడు, ట్యాంకు మీద నుంచి లేచి పైపైకి చుట్లు తిరిగి వెళ్ళిపోయింది. "చెప్పనైనా చెప్పకుండా పోయాడు" అన్నాడు తాతయ్య. నాయనమ్మ చింతపండు గింజలు తీస్తూ తలెత్తకుండా, "వెళ్ళేవాడు చెప్పి వెళితే వెళ్ళగలడా?" అంది.

ఇప్పుడు ఆ కొట్టు స్థలంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు. అడ్డగోడ పడగొట్టి రెండు స్థలాలూ కలిపి ఫ్లాట్లు లేపారు. గోడలో ఎవరి సగం ఎవరిదని ఎవరూ అడగలేదట. అడగడానికి ఆ ఇద్దరు ఆడవాళ్ళూ లేరు.

పక్షి వెళ్ళిపోయిన ఏడాది వానాకాలం దాటాక నాయనమ్మతో పెనుగంచిప్రోలు వెళ్ళాను. అమ్మవారి దర్శనం చేసుకుని మునేటి ఒడ్డున నడుస్తున్నాం. ఒకతను వల దులుపుకుంటున్నాడు. పక్కన తట్టలో చేపలు. నాయనమ్మ నుదుట బొట్టు, మెడలో తులసిపూసలు, చేతిలో ప్రసాదం. నేరుగా వెళ్ళి అతని ముందు ఆగింది.

"ఈ ఏడు చేపలు బాగా పడుతున్నాయా అబ్బాయ్?"

అతను ఆవిడని ఎగాదిగా చూశాడు. "పడతన్నాయమ్మా. బానే ఉన్నాయి. మీకెన్ని కావాలి?"

"ఎంతకిస్తావు?" అన్నాను నేను. నా తప్పేం లేదు, నోటి అలవాటు.

"నాకు కాదు నాయనా" అంది నాయనమ్మ. ఏటి మీద, చాలా ఎత్తున, ఇటుక రంగు రెక్కల పక్షులు ఒకటి రెండు తిరుగుతున్నాయి. వాటిలో మావాడు ఉన్నాడో లేడో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆవిడ చేతులు జోడించలేదు. కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని కాసేపు చూసింది.

"పడుతున్నాయట" అని నాతో చెప్పి, తృప్తిగా బస్సు వైపు నడిచింది.